112 కాల్ నుంచి ఆసుపత్రి గేటు దాకా: బెంగళూరులో పోలీసు ‘రక్షణ’ ఎంతవరకు పనికొస్తుంది?

మనసు అదుపు తప్పిన మనిషిని పోలీసులు వచ్చి ఆసుపత్రికి చేర్చడం కూడా ప్రభుత్వ సేవే. దానికి చట్టంలో పేరుంది, గడువుంది, చేయాల్సిన పనులూ చేయకూడని పనులూ రాసి ఉన్నాయి. అయినా దాన్ని సేవగా ఎవరూ చూడరు. వాడినవాళ్లు సిగ్గుపడి మాట్లాడరు, అవసరం పడని వాళ్లకు అలాంటిది ఒకటి ఉందనే తెలియదు. అందుకే ఈ సమీక్ష.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. చట్టం బాగుంది. ఆసుపత్రి వైపు కూడా మొత్తమ్మీద ఫర్వాలేదు. మధ్యలో వచ్చే పోలీస్ స్టేషన్ మజిలీయే ఈ సేవ మొత్తాన్నీ చెడగొడుతోంది. ఇంటి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లగలిగితే ఇది ప్రాణం నిలబెట్టే సేవ. దారిలో స్టేషన్ బెంచీ మీద నాలుగు గంటలు కూర్చోబెడితే ఆ తర్వాత ఎంత మంచి వైద్యం అందినా రోగి గుర్తుపెట్టుకునేది ఆ నాలుగు గంటలనే.

బెంగళూరులో తెలుగువాళ్లకు దీని అవసరం ఎక్కువగా రెండు రకాలుగా పడుతుంది. మారతహళ్లి, బెళ్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉండే పాతిక, ముప్ఫయ్యేళ్ల ఉద్యోగులు ఒకరు. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి కట్టడం పనులకు వచ్చి, మెజెస్టిక్ దగ్గరో యశ్వంతపుర స్టేషన్ దగ్గరో దిక్కుతోచక తిరుగుతూ కనిపించేవాళ్లు రెండోరకం. ఇద్దరికీ ఇబ్బంది ఒకటే. అమ్మానాన్నలు రాత్రి బస్సెక్కి తెల్లారి సిల్క్ బోర్డ్ దగ్గర దిగేదాకా పక్కన సొంతమనిషి ఉండరు. జరగాల్సిందంతా ఆలోపే జరిగిపోతుంది.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం, ఎందుకంటే స్టేషన్లో వినబడే మాటల్లో సగం పాత చట్టంవి. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో పోలీసులు మనిషిని మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి, ఆయన రిసెప్షన్ ఆర్డర్ (ఆసుపత్రిలో చేర్చుకోమనే ఉత్తర్వు) ఇవ్వాలి. ఆ చట్టం పోయింది. ఇప్పుడున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. దాని సెక్షన్ 100 ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న వ్యక్తిని గానీ, మానసిక అనారోగ్యం వల్ల తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం తెచ్చేలా ఉన్న వ్యక్తిని గానీ స్టేషన్ అధికారి ‘రక్షణలోకి’ తీసుకోవాలి. ఎందుకు తీసుకెళ్తున్నారో ఆ వ్యక్తికి చెప్పాలి, ఆయనకు అర్థమయ్యే స్థితి లేకపోతే ఆయన నామినేటెడ్ ప్రతినిధికి (రోగి తరఫున మాట్లాడే, సంతకం పెట్టే వ్యక్తికి) చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు.

‘ఏ పరిస్థితిలోనూ’ అన్నది చిన్న మాట కాదు. ఇంగ్లండ్‌లో 1983 నాటి మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 136 కింద పోలీసులు ఇలాగే మనుషుల్ని తీసుకెళ్తారు. ఒకప్పుడు 72 గంటలున్న గడువును 2017లో 24కి తగ్గించారు, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను పోలీసు సెల్‌లో పెట్టకూడదని అప్పుడే నిషేధించారు. అయినా పెద్దవాళ్ల విషయంలో అరుదైన పరిస్థితులకంటూ అప్పట్లో ఆ తలుపు కొంచెం తెరిచే ఉంచారు. మన చట్టం దాన్ని 2017లోనే పూర్తిగా మూసింది. కాగితం మీద మనది గట్టి చట్టం.

ఇక్కడో మెలిక ఉంది. 24 గంటలు అనేది ఆఖరి హద్దు. దాన్ని స్టేషన్లో చాలాసార్లు చేతిలో ఉన్న సమయంగా లెక్కేస్తారు. “రేపు పొద్దున షిఫ్ట్ మారాక తీసుకెళ్తాం” అంటే గడువు దాటనట్టే కనబడుతుంది. కానీ చట్టంలో ముందున్న మాట ‘వీలైనంత త్వరగా’. వాహనం ఉంది, కానిస్టేబుల్ ఉన్నాడు, ఆసుపత్రి అత్యవసర విభాగం రాత్రంతా తెరిచే ఉంటుంది. అలాంటప్పుడు పొద్దుటిదాకా ఆగడానికి కారణం అడగండి, అడిగిన సమయం ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

అసలు పోలీసుల్ని పిలవాలా? మేం చెప్పేది: ఆఖరి మెట్టుగా మాత్రమే. మనిషి మాట వింటున్నాడు, నిద్రపోవడం లేదు, వింతగా మాట్లాడుతున్నాడు గానీ కొట్టడం, దూకడం, కత్తి పట్టుకోవడం లాంటివి లేవు అంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ లైన్ రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, దీన్ని దేశమంతటా నడిపించే ప్రధాన కేంద్రం బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్సే. అయితే అది మాట సాయం, దారి చెప్పే సాయం. మనిషిని ఎత్తుకెళ్లడానికి బండి రాదు. ఈ తేడా తెలియక అర్ధరాత్రి బండి కోసం ఎదురుచూసి నిరాశపడేవాళ్లున్నారు. ఒళ్లు తెలియకుండా పడి ఉన్నా, మాత్రలు మింగినా 108. ఉద్రేకంలో ఉన్న మనిషి అంటే అంబులెన్స్ వాళ్లు చాలాసార్లు పోలీసు తోడు అడుగుతారు, అదీ అర్థం చేసుకోదగ్గదే. ప్రాణాపాయం కళ్లెదుట ఉంటే తడబడకుండా పోలీసు అత్యవసర నంబరు 112.

112కి ఏం చెబుతారన్న దాని మీదే వచ్చేవాళ్లు ఏ మనసుతో వస్తారన్నది ఆధారపడుతుంది. “గొడవ చేస్తున్నాడు, సామాన్లు పగలగొడుతున్నాడు, త్వరగా రండి” అంటే అది గలాటా ఫిర్యాదుగా నమోదవుతుంది. వచ్చే హొయ్సళ (పోలీసు గస్తీ) బండిలోని వాళ్లు గలాటా ఆపడానికే సిద్ధపడి వస్తారు. మొదటి వాక్యంలోనే జబ్బు మాట రావాలి. కన్నడలో చెప్పాలంటే “ఇవరిగె మానసిక కాయిలె ఇదె, ఆస్పత్రెగె సేరిసబేకు, గలాటె కేస్ అల్ల” (వీరికి మానసిక జబ్బు ఉంది, ఆసుపత్రిలో చేర్చాలి, గలాటా కేసు కాదు) అంటే చాలు. ఆ తర్వాత వయసు, ఆయుధం ఉందో లేదో, తాగి ఉన్నారో లేదో, ఇంతకుముందు ఏ ఆసుపత్రిలో చూపించారో, ఏ అంతస్తులో ఉన్నారో చెప్పండి. కత్తి ఉంటే దాచొద్దు. పోలీసు గదిలోకి అడుగుపెట్టాక అది కనబడితే ఆ తర్వాత ఎవరి మాటా చెల్లదు.

బండి వచ్చేలోపు పది, ఇరవై నిమిషాలు ఉంటాయి. బాల్కనీ తలుపు, వంటగది కత్తులు చూసుకోండి. గదిలో ఒక్కరే మాట్లాడండి, మిగతావాళ్లు బయటికి వెళ్లాలి. ఎవరో తనను వెంటాడుతున్నారని చెబుతుంటే “అదేం లేదు” అని వాదించొద్దు, “అవును నిజమే” అనీ అనొద్దు. “భయంగా ఉన్నట్టుంది, నేనిక్కడే ఉన్నా” అంటే సరిపోతుంది. ఒకరు కిందికి దిగి గేటు దగ్గరే పోలీసులతో మాట్లాడాలి. పైకి ఇద్దరు వస్తే చాలని, లాఠీ కనబడకుండా చూడమని, సైరన్ ఆపమని అడగండి. మర్యాదగా అడిగితే ఎక్కువమంది ఒప్పుకుంటారు. వాళ్లకు కూడా ఇలాంటి కాల్ అంటే ఇబ్బందే, ఎవరైనా దారి చూపిస్తే బాగుండనుకుంటారు.

ఈ కాగితాలు ముందే ఒక కవర్లో ఉండాలి: పాత డిశ్చార్జ్ సమ్మరీ, చివరి మందుల చీటీ, ఆధార్ నకలు, డాక్టరు పేరు. షుగర్, ఫిట్స్, థైరాయిడ్ లాంటివి ఉంటే అవి కూడా పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద. చివరిసారి మందు వేసుకున్నది ఎప్పుడన్నది అన్నిటికన్నా విలువైన సమాచారం. లిథియం (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) వాడే మనిషి రెండు రోజులుగా వాంతులతో, నీళ్లు తాగకుండా ఉన్నాడంటే డాక్టరు చూసే తీరే మారిపోతుంది. స్టేషన్లో ఆ సంగతి చెప్పేవాళ్లు లేకపోతే అది ‘మత్తు’గా లెక్కలోకి వెళ్తుంది.

పోలీసుల అంచనా తప్పేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. రక్తంలో చక్కెర పడిపోయిన మనిషి చెమటలు కక్కుతూ తిట్టడం మొదలుపెట్టొచ్చు. తలకు దెబ్బ తగిలినవాడు తికమకగా మాట్లాడతాడు. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో లేనివి కనబడటం, ఒళ్లంతా వణుకు, జ్వరం మొదలవ్వొచ్చు. దాన్ని ‘కిక్కు దిగలేదు’ అనుకుని స్టేషన్లో కూర్చోబెడితే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఇంకోటి కాటటోనియా: మనిషి బిగుసుకుపోయి, పిలిచినా పలకకుండా, చెయ్యి ఎత్తి పెడితే అలాగే ఉంచేసే స్థితి. బయటికి మొండితనంలా కనబడుతుంది, చెంప మీద కొట్టి లేపాలని చూస్తారు. అది జబ్బు అని, మందుకు బాగా లొంగుతుందని అక్కడున్నవాళ్లకు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

పట్టుకోవడం గురించి. నలుగురు కలిసి పట్టుకోవాల్సి వస్తే బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టొద్దు. ఊపిరి ఆడక చనిపోయే ప్రమాదం అక్కడే. భుజాలు, కాళ్లు పట్టుకోవాలి, ముఖం కనబడుతూ ఉండాలి, ఒకరు ఆపకుండా మాట్లాడుతుండాలి. మనిషి హఠాత్తుగా నిశ్శబ్దమైపోతే ‘లొంగాడు’ అని సంబరపడకుండా ఊపిరి చూడాలి. తువ్వాలుతోనో చున్నీతోనో చేతులు కట్టడం దారుల్లో మామూలుగా కనబడుతుంది, బేడీలూ అక్కడక్కడా. విచారణ ఖైదీలకే మామూలుగా బేడీలు వేయొద్దని 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరమే లేని మనిషికి వేయడానికి ఏ ఆధారమూ లేదు. గొలుసులయితే 2017 చట్టం సెక్షన్ 95 ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ఆ వాక్యం వెనక 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉండగా మంటల్లో పోయిన 28 మంది ఉన్నారు.

ఇక స్టేషన్. ఇక్కడే మేం కఠినంగా ఉండాల్సి వస్తోంది. ఆ స్థితి దాటి బయటపడ్డవాళ్లు చెప్పే ఫిర్యాదుల్లో దెబ్బలకన్నా ఎక్కువగా వినబడేవి చిన్నచిన్నవి. ఎక్కడికి తీసుకెళ్తున్నారో చెప్పలేదు. ఫోను, కళ్లద్దాలు, జోళ్లు తీసేసుకున్నారు. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే రెండుసార్లు అడగాల్సొచ్చింది. తన గురించి తన ముందే మూడో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడుకున్నారు. “గాంజా కొట్టావా” అని వచ్చిన ప్రతివాళ్లూ అడిగారు. ఎవరో వీడియో తీశారు. ఒక్కోటి విడిగా చూస్తే పెద్ద విషయం అనిపించదు. కానీ పోలీసులు తన వెంట పడుతున్నారనే భ్రమలో ఉన్న మనిషి ముందుకు నిజంగానే యూనిఫాం వచ్చి నిలబడితే ఆ భ్రమకు సాక్ష్యం దొరికినట్టే. పిలిచింది అన్నయ్యో రూమ్మేటో అని తెలిస్తే వాళ్లు కూడా కుట్రలో కలిసిపోతారు. తర్వాత నెలలపాటు మందులు వేసుకోకపోవడానికి, ఇంటికి ఫోన్ చేయకపోవడానికి మూలం చాలాసార్లు ఈ పూటలోనే ఉంటుంది. డాక్టర్లు దాన్ని జబ్బు లక్షణంగా రాసుకుంటారు, సగం మాత్రమే నిజం.

స్టేషన్‌కి తీసుకెళ్లి తీరాలని సెక్షన్ 100లో ఎక్కడా లేదు. చేర్చాల్సింది ఆసుపత్రికి. ఆసుపత్రికి ఇవ్వాల్సిన లేఖ కోసం, స్టేషన్ డైరీలో రాయడం కోసం అని కారణం చెబుతారు. దానికి మనిషి అక్కడ ఉండక్కర్లేదు. మీరు ఇద్దరుంటే ఒకరు కానిస్టేబుల్‌తో రోగి వెంట ఆసుపత్రికి, ఇంకొకరు స్టేషన్‌కి కాగితం కోసం అని అక్కడే విడిపోవడం మంచి పద్ధతి. “సార్, ఇది సెక్షన్ 100 ప్రొటెక్షన్, అరెస్ట్ కాదు కదా, నేరుగా ఆసుపత్రికి వెళ్దాం, ఎస్సై గారితో నేను ఫోన్‌లో మాట్లాడతా” అన్న ఒక్క వాక్యం పనిచేస్తుంది. సెక్షన్ నంబరు చెబితే కోపం వస్తుందని భయపడొద్దు, గొంతు పెంచితేనే కోపం వస్తుంది. స్త్రీ అయితే మహిళా కానిస్టేబుల్ కావాలని 112 కాల్‌లోనే చెప్పండి, బండి వచ్చాక అడిగితే ఇంకో గంట పడుతుంది.

స్టేషన్లో కూర్చోబెట్టక తప్పకపోతే నీళ్లు, తిండి, వేసుకోవాల్సిన మాత్ర, కళ్లద్దాలు ఈ నాలుగూ అందేలా చూడండి. ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుందని రోగికి చెప్పడం పోలీసు అధికారి బాధ్యత, అది సెక్షన్ 27. ఆ మాట స్టేషన్లో వినబడటం అరుదు, కాబట్టి 15100 నంబరు మీ దగ్గరే ఉంచుకోండి. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో గేటు, లాకప్, వరండాలన్నీ కనబడేలా సీసీటీవీ ఉండాలని, రికార్డు 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. ఏదైనా జరిగితే తేదీ, సమయం రాసి ఆ ఫుటేజీ చెరపొద్దని ఒక లేఖ ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఫిర్యాదు చేస్తారా లేదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

మంచి అనుభవాలు లేవా అంటే ఉన్నాయి, వాటిలో ఒకే తీరు కనబడుతుంది. కానిస్టేబుల్ టోపీ తీసి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, “జైలుకు కాదు, డాక్టర్ దగ్గరికి, మీ ఫ్రెండ్ కూడా వస్తాడు” అని అదే మాట పదిసార్లు చెప్పడం. బెంగళూరులో తెలుగు తెలిసిన పోలీసు దొరకడం కష్టం కాదు. ఆందోళనలో మనిషి చిన్నప్పటి భాషకే వెళ్లిపోతాడు. తెలుగు వచ్చిన వాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగడంలో తప్పులేదు.

ఆసుపత్రి దగ్గరికొద్దాం. చట్టం చెప్పేది దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి అని, నిమ్హాన్స్ అని కాదు. మల్లేశ్వరం వైపయితే కె.సి.జనరల్, శివాజీనగర్ వైపయితే బౌరింగ్, మార్కెట్ వైపయితే విక్టోరియా. నేరుగా నిమ్హాన్స్ కావాలనుకుంటే బండి కదలకముందే చెప్పండి, ముఖ్యంగా పాత ఫైలు అక్కడే ఉంటే. హోసూరు రోడ్డులో ఉన్న నిమ్హాన్స్ అత్యవసర విభాగం రోజంతా తెరిచే ఉంటుంది. కానీ అది మనసుకూ, మెదడు, నరాలకూ సంబంధించిన ఆసుపత్రి. పురుగుమందు తాగినా, గుప్పెడు మాత్రలు మింగినా, చెయ్యి లోతుగా కోసుకున్నా ముందు వెళ్లాల్సింది విక్టోరియా లాంటి జనరల్ ఆసుపత్రికే. ప్రాణం కుదుటపడ్డాకే మనసు డాక్టరు. ఇది తెలియక హోసూరు రోడ్డు దాకా వెళ్లి వెనక్కి తిరిగితే పోయేది విలువైన సమయం.

అత్యవసర విభాగంలో రద్దీ ఉంటుంది. తలకు దెబ్బలు, పక్షవాతం కేసులు కూడా అక్కడికే వస్తాయి కాబట్టి వరసలో వెనకపడొచ్చు. ఉద్రేకం తగ్గడానికి సాధారణంగా హాలోపెరిడాల్, ప్రోమెథజిన్ కలిపి, లేదా లోరాజెపామ్ ఇంజక్షన్ ఇస్తారు. హాలోపెరిడాల్ తర్వాత కొందరికి మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, నాలుక బయటికి రావడం, కళ్లు పైకి పోవడం జరుగుతుంది. చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. దానికి విరుగుడు ఇంజక్షన్ ఉంది, నిమిషాల్లో సర్దుకుంటుంది, నర్సును పిలవండి చాలు. ప్రోమెథజిన్ కలిపి ఇచ్చేది కొంతవరకు దీన్ని ఆపడానికే. ఆసుపత్రిలో మంచానికి కట్టాల్సి వస్తే సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి, కారణం రికార్డులో రాయాలి, 24 గంటల్లో నామినేటెడ్ ప్రతినిధికి చెప్పాలి. అదీ తక్షణ ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడే, శిక్షగా కాదు.

“కోర్టు ఆర్డర్ తెస్తేనే చేర్చుకుంటారు” అన్న మాట ఇంకా వినబడుతూనే ఉంది. పోలీసులు సెక్షన్ 100 కింద తెచ్చిన మనిషికి అది అక్కర్లేదు. తనంతట తాను ఒప్పుకుంటే సెక్షన్ 86 కింద చేరొచ్చు. ఒప్పుకోలేని స్థితిలో ఉంటే సెక్షన్ 89: నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు, ఒక సైకియాట్రిస్టు, ఇంకొక మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా చూసి ఒప్పుకోవాలి, గరిష్ఠంగా 30 రోజులు. మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లిన సందర్భంలో మాత్రం సెక్షన్ 102 కింద పరీక్ష కోసం 10 రోజులు మించకుండా ఉంచమని ఆయన ఆదేశించవచ్చు.

ఆ నామినేటెడ్ ప్రతినిధి అన్నచోటే పీజీ బతుకులు ఇరుక్కుంటాయి. అమ్మానాన్నలు ఊళ్లో, సంతకం పెట్టేవాళ్లు లేరు అని కూర్చోబెడతారు. చట్టం దీనికి వరస చెప్పింది. ముందస్తు ఆదేశంలో (జబ్బు చేస్తే తనకు ఎలాంటి వైద్యం కావాలో మనిషి ముందే రాసిపెట్టుకునే పత్రంలో) రాసిన వ్యక్తి ఉంటే వాళ్లు, లేకపోతే బంధువు, తర్వాత సంరక్షకుడు. సంరక్షకుడంటే కలిసి ఉంటూ బాగోగులు చూసే మనిషి, బంధువే కానక్కర్లేదు. ఒకే గదిలో ఉంటూ మందులు గుర్తుచేస్తున్న రూమ్మేట్ ఆ లెక్కలోకి రావచ్చు. అంతకన్నా తేలికైన పని, మనిషి బాగున్నప్పుడే తెల్ల కాగితం మీద ‘ఫలానా వారు నా నామినేటెడ్ ప్రతినిధి’ అని రాసి సంతకం పెట్టి ఉంచడం. స్టాంపు పేపరూ అక్కర్లేదు, నోటరీ కూడా అక్కర్లేదు. ఒకసారి ఈ ఇబ్బంది పడినవాళ్లు బెంగళూరులోనే ఉండే నమ్మకస్తుణ్ని రాసిపెట్టుకోవడం మంచిది. కడపలో ఉన్న నాన్నగారి సంతకం కోసం రాత్రంతా వాట్సాప్‌లో ఎదురుచూడటం తప్పుతుంది.

పరీక్షించి, చేర్చుకోవాల్సినంత జబ్బు లేదని డాక్టరు తేల్చితే మనిషిని ఇంటి దాకా దిగబెట్టడం పోలీసు బాధ్యత, ఇల్లు లేకపోతే ప్రభుత్వ ఆశ్రయానికి చేర్చాలి. సెక్షన్ 100లోని ఈ ఆరో ఉపవిభాగం గురించి స్టేషన్లో పెద్దగా తెలియదు. అప్పగించేసి బండి వెళ్లిపోతుంది, రాత్రి రెండింటికి ఇంజక్షన్ మత్తులో ఉన్న మనిషి గేటు బయట ఆటో కోసం నిలబడతాడు. కానిస్టేబుల్ వెళ్లేముందు ఆయన పేరు, ఫోన్ నంబరు రాసుకోండి.

తిరుగుతూ దొరికిన వాళ్ల విషయంలో ఇంకో మెట్టు ఉంది. స్టేషన్ వాళ్లు తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ కట్టి, కుటుంబాన్ని వెతికి కబురు చేయాలి. ఊళ్లో మీ వాళ్లు తప్పిపోతే ఆ ఊరి స్టేషన్లో ఫిర్యాదుతో ఆగిపోవద్దు. బెంగళూరు వైపు వెళ్లారన్న అనుమానం ఉంటే రైల్వే పోలీసులకూ ఫొటో, మాట్లాడే యాస, ఒంటి మీద గుర్తులు పంపండి. తెలుగులో పేరు తప్ప ఇంకేం చెప్పలేని మనిషిది ఏ జిల్లానో యాసే చెబుతుంది.

ఆత్మహత్యాయత్నం అయితే కేసు పెడతారన్న భయంతో నిజం దాచి, “జారి పడింది” అని డాక్టరుకు చెప్పే కుటుంబాలు చాలా ఉన్నాయి. దీంతో వైద్యమే తప్పుదారి పడుతుంది. 2017 చట్టం సెక్షన్ 115 ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారణ, శిక్ష ఉండవు. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వ ఉద్యోగిని పని చేయనివ్వకుండా ఒత్తిడి పెట్టడానికి చేసే ప్రయత్నం ఒక్కటే 226లో నేరంగా మిగిలింది. మింగింది ఏమిటో, ఎంతో, ఎప్పుడో ఉన్నదున్నట్టు చెప్పండి.

పోలీసులంటే భయపడి కొందరు ప్రైవేటు ‘పికప్’ వాళ్లకు ఫోన్ చేస్తారు. ఫోన్ చేస్తే నలుగురు బలమైన కుర్రాళ్లు వచ్చి ఎత్తుకెళ్లి ఊరి బయట ఏదో కేంద్రంలో పడేస్తారు. దీనికి మా సిఫార్సు సున్నా. మానసిక రోగుల్ని చేర్చుకునే ప్రతి కేంద్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా నడిపితే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా, మళ్లీ మళ్లీ చేస్తే 5 లక్షల దాకా. అడ్వాన్సు కట్టేముందు రిజిస్ట్రేషన్ పత్రం, సైకియాట్రిస్టు పేరు, రోగితో ఫోన్లో మాట్లాడనిస్తారా లేదా, ఈ మూడూ అడగండి. మూడో ప్రశ్నకు “మొదటి నెల కుదరదు” అంటే ఫోన్ పెట్టేయండి. పోలీసు మజిలీకి కనీసం డైరీ, కెమెరా, గడువు ఉంటాయి. వీళ్లకు అవేవీ ఉండవు.

ఇంటికొచ్చాక పీజీ ఓనరు గది ఖాళీ చేయమనడం, ఆఫీసులో హెచ్ఆర్ పిలవడం వెంటనే మొదలవుతాయి. రోగం పేరు ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఆసుపత్రి నుంచి తేదీలున్న మెడికల్ సర్టిఫికెట్ చాలు. ‘పోలీసులు తీసుకెళ్లారు’ అన్నది కేసు కాదు, ఎఫ్‌ఐఆర్ లేకపోతే నేరచరిత్రా లేదు, పాస్‌పోర్టు వెరిఫికేషన్ గురించి అడిగేవాళ్లకు ఇదే జవాబు. బీమా విషయంలో ఒంటి జబ్బుకు ఇచ్చినట్టే మానసిక జబ్బుకూ ఇవ్వాలని ఇదే చట్టంలో సెక్షన్ 21 చెబుతోంది. క్లెయిమ్‌కీ, ముందుముందు ఫిర్యాదుకీ కూడా కావలసింది రికార్డు నకలు. రోగి స్వయంగా ఫారం-ఏ నింపి అడగొచ్చు, ఆసుపత్రి 15 రోజుల్లో ఇవ్వాలి. అందులో ఎన్ని గంటలకు తెచ్చారు, ఎవరు తెచ్చారు, ఒంటి మీద దెబ్బలున్నాయా అన్న వరసలు ముందు చూడండి. 112కి ఫోన్ చేసిన సమయం మీ కాల్ లాగ్‌లో ఎలాగూ ఉంటుంది. ఈ రెంటి మధ్య గంటల్ని లెక్కేస్తే స్టేషన్లో ఎంతసేపు ఉంచారో తేలిపోతుంది.